పదిహేడో నంబరు డ్యూటీ

పోయిన వారం మా ముందుగదిలో, బల్ల మీద ఒక చీటీ పరిచి ఉండగా ఆగాం. మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. అంతకంటే ఓపిక ఇవాళ నాకు లేదు.

నేను పంతొమ్మిదేళ్లు ఒక బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసినదాన్ని. ఏ డ్రైవరు ఏ బస్సు ఎన్ని గంటలకి ఎక్కాలి, ఎక్కడ దిగాలి, మధ్యలో నాలుగు ముద్దలు ఎప్పుడు తినాలి, అదంతా కాగితం మీద కుదిర్చే పని. డిపో మూసేశారు. పదకొండు నెలలుగా ఉద్యోగం వెతుకుతూ చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను. మా మరిది, అంటే చెల్లెలి మొగుడు, ఒక ప్రైవేటు బస్సు కంపెనీలో డ్రైవరు. తమ కంపెనీకి చార్టులు వేసే మనిషి కావాలట అని చెప్పింది అతనే. దరఖాస్తు పెడితే మూడు విడతల పరీక్ష పెట్టారు. పదకొండు రోజులు కూర్చుని రాశాను. ఆ తర్వాత "మీ వివరాలు భవిష్యత్ అవసరాల కోసం భద్రపరిచాం" అని ఒక్క వాక్యం పంపించి చేతులు దులుపుకున్నారు. అది నాలుగు నెలల కిందటి మాట.

మంగళవారం పొద్దున మరిదికి నాలుగో మెమో వచ్చింది. రోజూ మధ్యాహ్నం బస్సు ఆలస్యంగా తీస్తున్నాడని, మర్నాడు పదకొండింటికి విచారణకి రావాలని, అప్పటిదాకా డ్యూటీ ఎక్కకూడదని. మెమోతో పాటు జేబులోంచి తన డ్యూటీ చీటీ కూడా తీసి బల్ల మీద పెట్టాడు. నేను దాన్ని లాక్కుని రెండుసార్లు చదివాను.

ఎందుకంటే ఆ చీటీ నాది. నా చేతిరాత కాదు, కంప్యూటర్లో అచ్చయింది. కానీ తల్లికి పిల్ల నడక తెలియదా? ప్రతి ట్రిప్పు చివరా ఏడు నిమిషాల విరామం ఉంది. చార్టు వేసేవాళ్లెవరైనా ఐదు నిమిషాలిస్తారు, మరీ దయ గలవాళ్లయితే పది. ఏడు ఇచ్చేవాళ్లు నాకు తెలిసి ఇద్దరే. ఒకరు నేను, రెండోవారు నాకు పని నేర్పిన గడియారం మాస్టారు. "ఐదు నిమిషాల్లో టీ తాగితే నాలుక కాలుతుంది, పది నిమిషాలిస్తే కబుర్లు మొదలవుతాయి. ఏడు నిమిషాలిస్తే మనిషి మనిషిలా బస్సెక్కుతాడు" అనేవారు ఆయన. ఆయన రిటైరై ఐదేళ్లు దాటింది. నేను ఏ ఫారం నింపినా "మీ పనితీరు గురించి చెప్పగల వ్యక్తి" అన్న గడిలో ఆయన పేరే రాస్తూ వచ్చాను. ఈ కంపెనీ పరీక్షకి ముందు కూడా ఫోన్ చేశాను. "శ్రద్ధగా రాయమ్మా, నీ పని చూసినవాళ్లెవరూ వదులుకోరు" అన్నారు.

నిజమే, వదులుకోలేదు. నన్ను వదిలేసి పనిని ఉంచుకున్నారు.

పరీక్షలో ఊళ్ల పేర్లు లేవు, మనుషుల పేర్లు లేవు. తొంభై ఆరు మంది డ్రైవర్లు, పదకొండు రూట్లు, రెండు గేట్లు, అన్నీ నంబర్లే. "ఇదంతా ఊరికే నమూనా అండీ" అన్నారు. నేను నమ్మాను. నమ్మి, ఎవరూ లేని ఆ నంబర్లకి కూడా ఏడేసి నిమిషాలు టీకి ఇచ్చాను. నన్నేమనాలి?

అసలు నిప్పు అది కాదు. చీటీలో మరిదికిచ్చిన పదిహేడో నంబరు డ్యూటీ మొదటి సగం ఒంటిగంటా యాభైకి ఒకటో గేటు దగ్గర పూర్తవుతుంది. రెండో సగం రెండుంబావుకి రెండో గేటు దగ్గర మొదలవుతుంది. మధ్యలో పాతిక నిమిషాలు భోజనానికి. బాగానే ఉంది కదా? ఏం బాగు! ఆ రెండు గేట్ల మధ్య బస్సులో నలభై నిమిషాల దూరం.

మా పాత డిపోకి ఒకటే గేటు. ఎక్కడ దిగినవాడు అక్కడే ఎక్కుతాడు. పంతొమ్మిదేళ్లు ఒకే గేటుతో బతికినదానికి రెండో గేటు కంటికి ఆనదు. పరీక్షలో ఆ సంగతి గుర్తొచ్చి తొంభై అయిదు మందికి సరిచేశాను. ఒక్కరిని వదిలేశాను. కాగితాలు ఇచ్చేసిన మర్నాడు గిన్నెలు తోముతుంటే తట్టింది. చేతులు తుడుచుకోకుండానే కాగితం ముందు కూర్చున్నాను. పదిహేడుకీ నలభై ఒకటికీ రెండో సగాలు మార్చాలి. అలా మారిస్తే ముప్పై మూడో వాడు ఇరుక్కుంటాడు, వాణ్ని తొమ్మిది నిమిషాలు వెనక్కి జరపాలి. అది తేలడానికి నాలుగు గంటలు పట్టింది. దిద్ది మెయిలు పెట్టాను. నిమిషంలో జవాబు వచ్చింది: "ఈ చిరునామాకి వచ్చే మెయిళ్లను ఎవరూ చదవరు." ఊరికే నమూనాయే కదా అనుకుని నేనూ ఊరుకున్నాను.

ఇదంతా మంగళవారం పొద్దున మరిదికీ చెల్లెలికీ చెప్పాను.

చెల్లెలు ముందు సంగతి పూర్తిగా పట్టించుకోలేదు. "అయితే నీ చార్టు మీదే వాళ్ల బస్సులు నడుస్తున్నాయా? మరి నీకు ఉద్యోగం ఇవ్వడానికేం రోగం?" అంది. తర్వాత మెల్లగా మిగతాది బుర్రకెక్కింది. మొగుడి వైపు తిరిగింది.

"నెల రోజులుగా డబ్బా మూత కూడా తియ్యకుండా తెస్తున్నావు. నా వంట నచ్చట్లేదని ఎన్నిసార్లు దెబ్బలాడాను నీతో! అప్పుడైనా చెప్పొద్దూ?"

"ఏం చెప్పను? మెకానిక్ స్కూటర్ అడిగి పరిగెత్తేవాణ్ని. ఒక్కోరోజు అయిదు నిమిషాలు, ఒక్కోరోజు పన్నెండు నిమిషాలు లేటయ్యేది. నాదే బద్ధకం అనుకున్నా" అన్నాడు అతను. నోట్లో నాలుక లేని మనిషి. మొదటి మెమో వచ్చినప్పుడు సంతకం పెట్టి, పెన్ను ఇచ్చినందుకు థాంక్స్ కూడా చెప్పొచ్చాడట.

చెల్లెలు నా వైపు చూసింది. "అక్కా, ఈ ఇంట్లో ఉన్నదే ఒక్క ఉద్యోగం. అది కూడా నీ చేత్తోనే..."

మాట మధ్యలో మింగేసింది. మింగినా నాకు వినపడింది.

"ఊరుకోవే. వదిన కావాలని చేశారా? నేనే ఇంకాస్త తొందరగా వెళ్లాల్సింది" అన్నాడు మరిది.

"నీకు కోపం రాదేమయ్యా? నలభై నిమిషాల దూరం పాతిక నిమిషాల్లో వెళ్లమంటే, వెళ్లలేకపోయినందుకు నువ్వు సిగ్గుపడతావా?" అని అతని మీదే అరిచాను. అరవాల్సిన వాళ్లు అక్కడ లేరు మరి. బుధవారం పొద్దున తొమ్మిదింటికి, విచారణకి రెండు గంటల ముందే, ఎవరికీ చెప్పకుండా వాళ్ల దగ్గరికే బయల్దేరాను.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆ ముప్పావు గంటలో పదకొండు నెలలూ నెత్తికెక్కాయి.

ఉద్యోగం చెయ్యడం నాకు తెలుసు. ఉద్యోగం వెతకడం అని వేరే ఉద్యోగం ఒకటుంటుందని, దానికి జీతం ఉండదని, ఆదివారం ఉండదని, తిట్టడానికైనా పై అధికారి మొహం కనపడదని నాకెవరూ చెప్పలేదు. నూట నలభై మూడు ఫారాలు నింపాను. అనుభవం అంతా ఒక కాగితంలో రాసి జత చెయ్యమంటారు. జత చేశాక, అదే అనుభవం మళ్లీ గడి గడిలో కొట్టమంటారు. ఏడు పేజీలు కొట్టాక "సమయం ముగిసింది" అని మొత్తం మింగేస్తుంది. ఫొటో పెద్దదైందంటారు, చిన్నది చేస్తే మసకగా ఉందంటారు. మీ బలహీనత ఏమిటి అని అడుగుతారు. మొదట్లో నిజాలు రాశాను. తర్వాత అందరిలాగే "అతిగా శ్రమిస్తాను" అని అబద్ధం రాయడం నేర్చుకున్నాను. అయిదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు అని అడిగారొక చోట. కుర్చీలో అని చెప్పాలనిపించింది, ఎందుకంటే అప్పటికి మూడున్నర గంటలుగా వరండాలో నిలబెట్టారు. ఇంకో చోట నా మేనల్లుడి ఈడు వాడొకడు, "ఈ వయసులో కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోగలరా ఆంటీ?" అన్నాడు. నేను చార్టులు వేసిన మూడో సాఫ్ట్‌వేర్ వచ్చేనాటికి వాడికి పాలపళ్లు ఊడలేదు. అయినా నవ్వాను. నవ్వకపోతే "కలిసి పనిచేసే స్వభావం లేదు" అని రాసుకుంటారు. ఇంటికొచ్చి, ఆ నవ్వు తలుచుకుని స్నానాలగదిలో ఏడ్చాను.

నిమిషాలు కుదర్చడం నా వృత్తి. ఒకరి నిమిషం ఇంకొకరు తినకుండా చూడ్డమే చార్టు అంటే. అలాంటిది నా పదకొండు నెలలు ఎవరెవరో తిన్నారు, ఒక్కడూ మూతి తుడుచుకోలేదు.

కంపెనీ ఆఫీసు రెండో అంతస్తులో. గాజు తలుపు, లోపల వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, మెళ్లో తగిలించుకోవడానికి "సందర్శకులు" అని రాసిన అట్టముక్క. ఆ కుర్చీల్లో ఆరుగురు కూర్చున్నారు. ఒళ్లో అట్టలు, అట్టల మీద కాగితాలు, చేతుల్లో పెన్సిళ్లు. నేను కావాలనే వాళ్ల వెనకగా, కాగితాలు చూస్తూ నడిచాను. రెండు గేట్లు, నంబర్లు, రూట్లు. ఈసారి రూట్లు పదకొండు కాదు, పదమూడు. కొత్తగా రెండు రూట్లు వెయ్యబోతున్నారని మరిది పోయిన నెలే చెప్పాడు. ఆ రెండు రూట్లకి చార్టు ఇక్కడ, ఈ ప్లాస్టిక్ కుర్చీల్లో తయారవుతోంది.

చివరి కుర్చీలో ముప్పై దాటని అమ్మాయి ఒకతె ఉంది. రబ్బరు పెట్టి తుడిచీ తుడిచీ కాగితం చిరిగిపోయేలా ఉంది. వంగి ఆమె చెవిలో చెప్పాను. "అమ్మా, ఇది పరీక్ష కాదు. నీ చేత వాళ్ల పని చేయించుకుంటున్నారు."

ఆమె తల కూడా ఎత్తలేదు. "తెలుసండీ. నేను రావడం ఇది మూడోసారి."

"తెలిసీ రాస్తున్నావా?"

"ఇంకెక్కడా పిలవట్లేదండీ" అంది. రబ్బరు పొట్టు ఊదేసి మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ అమ్మాయి మీద కాదు. ఆ మాట నాది కూడా అయినందుకు. "రెండు గేట్ల మధ్య నలభై నిమిషాలు, చూసుకో" అని మాత్రం చెప్పి లోపలికి వెళ్లాను.

నియామకాలు చూసే ఆవిడకి పరీక్షకి వచ్చినవాళ్లమంతా పెట్టుకున్న పేరు చిరునవ్వు మేడమ్. లేదని చెప్పేటప్పుడు కూడా ఆ నవ్వు చెక్కుచెదరదు. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"అరె, మీరా! రండి రండి, కూర్చోండి. మేమే ఫోన్ చేద్దామనుకుంటున్నాం."

కూర్చోలేదు. చీటీ ఆవిడ ముందు పెట్టాను. "ఈ చార్టు ఎవరు వేశారు?"

"మా చార్టు విభాగం వాళ్లు."

"ఆ విభాగంలో ఎంతమందున్నారు?"

"ప్రస్తుతానికి నియామకాలు జరుగుతున్నాయండీ."

"ఎవరూ లేరని చెప్పండి మేడమ్, సగం మాట మిగులుతుంది. బయట కుర్చీల్లో ఉన్న ఆరుగురే కదా మీ విభాగం? నాలుగు నెలల కిందట ఆ కుర్చీలో నేనున్నాను. ఇది నా చార్టు."

నవ్వు అలాగే ఉంది. కళ్లు మాత్రం ఒకసారి తలుపు వైపు వెళ్లొచ్చాయి. తలుపు వేసి ఉందో లేదో చూసుకుంది. తర్వాత సొరుగు లాగి ఒక కవరు తీసి నా ముందు పెట్టింది.

"జరిగిందేదో జరిగింది. తవ్వుకుంటే ఎవరికి లాభం? తెరిచి చూడండి."

చార్టు విభాగం ఇన్‌చార్జి. కింద నా పేరు, ఒక్క తప్పు లేకుండా. ఈ వారం నుంచే. పదకొండు నెలల్లో నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తర్వు అది. తిట్టడానికి వచ్చినదాన్ని, ఆ కాగితం చూడగానే కుర్చీలో కూలబడ్డాను. అబద్ధం ఎందుకు, ఆశపడ్డాను. సిగ్గు లేకుండా ఆశపడ్డాను. చెల్లెలి ముందు ఈ కవరు పెడితే ఆమె మొహం ఎలా ఉంటుందో కూడా ఊహించేసుకున్నాను.

"ఒక్క చిన్న పనుంది," అంది మేడమ్, ఇంకో ఫైలు ముందుకు జరుపుతూ. "ఇవాళ పదకొండింటికి పదిహేడో నంబరు మీద విచారణ. చార్టులో లోపం లేదని ఇన్‌చార్జి హోదాలో మీరు సంతకం పెట్టాలి. ఆ డ్రైవరు మీ మరిదిగారే కదా? దరఖాస్తులో బంధువుల గడిలో రాశారు. మేం ప్రతి అక్షరం చదువుతాం. ఆయన గురించి మీరేం కంగారుపడకండి, హెచ్చరికతో వదిలేస్తాం. రేపట్నుంచి చార్టు మీ చేతిలోనే ఉంటుంది, కావలసినట్టు మార్చుకోండి."

ప్రతి అక్షరం చదువుతారట. నేను దిద్ది పంపిన మెయిలు తప్ప.

అయినా లెక్క వేశాను. చార్టు వేసేదాని బుద్ధి ఎక్కడికి పోతుంది? సంతకం పెడితే నాకు ఉద్యోగం, మరిదికి ఉద్యోగం, రేపు పొద్దున ఏడింటికి పదిహేడూ నలభై ఒకటీ మార్చేస్తాను. ఎవరికీ నష్టం లేదు. ఒక్క అబద్ధం, అదీ ఒక్క రోజుకి. బలహీనత ఏమిటంటే అతిగా శ్రమిస్తాను అని నూరు చోట్ల రాసినదానికి ఇదొక లెక్కా? పెన్ను మూత తీశాను.

కానీ చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. మాస్టారు మొట్టమొదట నేర్పింది అదే. ఫైలు వెనక్కి తిప్పాను. చార్టు అమల్లోకి వచ్చి రెండు నెలలు. మరిదికి ఆ డ్యూటీ ఇచ్చి ఒక నెల. నేను సంతకం పెట్టాల్సిన కాగితంలో "అమల్లోకి వచ్చిన నాటి నుంచి నేటి వరకు" అని ఉంది.

"మొదటి నెల పదిహేడో నంబరు ఎవరు చేశారు?"

"ఎవరో ఒకతను. ఇప్పుడు లేడు, వెళ్లిపోయాడు."

"వెళ్లిపోయాడా, పంపించారా?"

నేనే ఇంకో కాగితం తిప్పాను. పద్నాలుగేళ్ల సర్వీసు. అంతకు ముందు ఒక్క మెమో లేదు. నాలుగు వారాల్లో నాలుగు మెమోలు, ఆ తర్వాత తొలగింపు. విచారణలో అతను చెప్పిందంతా ఒక్క వాక్యంలో రాశారు: "టైము చాలడం లేదని డ్రైవరు సాకు చెప్పాడు."

ఎవరతను? నాకు తెలియదు. పేరు కూడా చదవబుద్ధి కాలేదు. కానీ ఇప్పుడు ఎక్కడున్నాడో తెలుసు. ఏదో ఆఫీసు వరండాలో, ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో అట్ట పెట్టుకుని ఫారం నింపుతుంటాడు. "గత ఉద్యోగం ఎందుకు మానేశారు?" అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది. ఏం రాస్తాడు? నా తప్పుకి ఆ గడిలో అతను ఏం రాసుకోవాలి? నూట నలభై మూడు సార్లు నేను నింపిన గడి అది. "డిపో మూసేశారు" అని రాయడానికే నాకు తల కొట్టేసినట్టుండేది. అతను ఆలస్యగాణ్ని అని రాయాలి, పద్నాలుగేళ్లు టైముకి బస్సు తీసి.

నా మీద నాకు ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. పెన్ను మూత పెట్టేశాను.

"ఈ చార్టులో తప్పుంది మేడమ్. ఆ తప్పు నాది. ఇదే కాగితం మీద అలా రాసి సంతకం పెడతాను."

మొట్టమొదటిసారి ఆవిడ నవ్వు మొహం మీద నుంచి దిగింది. "మీకు అర్థమవుతోందా? చార్టు తప్పు వేశానని మీరే చెబితే ఈ కుర్చీ మీకెలా ఇస్తాం? ఒక మనిషిని ఒకే సమయానికి రెండు చోట్ల ఉండమనే చార్టు వేసినామెకి ఈ ఊళ్లో ఇంకెవరిస్తారు?"

"ఇవ్వరు."

"మీ మరిది సంగతి?"

"తప్పు నాదని రుజువైతే అతనిదెలా అవుతుంది?"

"రుజువు కావాలి కదండీ. ఇది మీరు వేశారని ఎవరన్నారు? పరీక్ష కాగితాలు మేం మూణ్నెల్లకి తీసేస్తాం. కావాలంటే నియమావళి చూపిస్తాను." కవరు మెల్లగా తన వైపుకి లాక్కుంది. "రుజువు లేని మాట మీద మీకు ఉద్యోగం పోయింది, ఆయనకీ పోతుంది. ఆలోచించుకోండి."

ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అంటే ఇదే. కవరు సొరుగులోకి వెళ్లిపోయింది. దాన్ని చూస్తూ కూర్చోవడం తప్ప ఏం చెయ్యలేకపోయాను. నేను పంపిన మెయిలుంది, కానీ ఎవరూ చదవని చిరునామాకి పంపినదాన్ని అందిందని ఎవరొప్పుకుంటారు?

సరిగ్గా పదకొండింటికి మరిది లోపలికి వచ్చాడు. ఇస్త్రీ యూనిఫారం, నున్నగా దువ్విన తల. ఏ రోజూ లేనిది పది నిమిషాలు ముందే వచ్చి బయట కూర్చున్నాడట, ఇవాళైనా ఆలస్యం అనిపించుకోకూడదని. బల్లకి అవతలి పక్క నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వదినా! మీరేంటి ఇక్కడ?"

"కూర్చో" అన్నాను.

మేడమ్ ఫోనెత్తింది. "సార్‌ని ఒకసారి రమ్మనండి." నా వైపు తిరిగింది. ఆ నవ్వు మళ్లీ మొహం మీదికి ఎక్కింది. "ఈ చార్టు వేసింది మా సలహాదారుగారు. ఆయన్నే అడుగుదాం. చార్టుల విషయంలో ఆయన మాటకి ఎదురు లేదు."

రానీ అనుకున్నాను. ఎవడో వాడు, నా పదకొండు రోజుల చాకిరీ మీద తన పేరు వేసుకున్నవాడు. ఏడు నిమిషాలు ఎందుకిచ్చావురా అని అడుగుతాను. నీళ్లు నములుతాడు. అదే నా రుజువు. కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది. ముందు చెప్పుల చప్పుడు వినిపించింది. ఎడమ కాలు కొంచెం ఈడ్చి వేసే అడుగు. ఆ అడుగు పద్నాలుగేళ్లు రోజూ పొద్దున నా బల్ల పక్క నుంచి వెళ్లేది.

గడియారం మాస్టారు.

తెల్ల చొక్కా, జేబులో ఎర్ర పెన్సిలు. మనిషి చిక్కిపోయారు. నన్ను చూసి గుమ్మం దగ్గర తడబడ్డారు. తేలు కుట్టిన దొంగ కూడా అంత నిశ్శబ్దంగా ఉండడు. నూట నలభై మూడు ఫారాల్లో నా గురించి మంచి చెబుతారని ఎవరి పేరు రాశానో, ఆ మనిషి నా కళ్లలోకి చూడకుండా వచ్చి మేడమ్ పక్క కుర్చీలో కూర్చున్నారు.

ఏడు నిమిషాలు నా రుజువు అనుకున్నాను. అవి ఆయన నాకిచ్చినవే. ఇక దేంతో కొట్లాడను?

"సార్, ఈ చార్టు తనదంటున్నారు ఈవిడ. తప్పుందని కూడా అంటున్నారు" అంది మేడమ్.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. చార్టు దగ్గరికి లాక్కుని వేలితో ఒక్కో వరుసా దిగుతూ వచ్చారు. పదిహేను, పదహారు. పదిహేడు దగ్గర వేలు ఆగింది. మరిది ఆ వేలినే చూస్తున్నాడు.

"తప్పుంది" అన్నారు మాస్టారు.

మేడమ్ ఉలిక్కిపడింది. "సార్?"

"ఈ అబ్బాయి దోషం లేదు. అంతకు ముందు పంపించేసిన అతనిదీ లేదు. చార్టే తప్పు." కాగితం బల్ల మధ్యకి జరిపారు. "చార్టు నాది. తప్పు కూడా నాదే."

మరిది రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. అతని ఉద్యోగం నిలబడినట్టే. నేను సంతోషించాలి. కానీ నేను మాస్టారి మీదికి తిరిగాను.

"నా పని తీసుకున్నారు, సరే మాస్టారూ. నా తప్పు కూడా వదలరా? నన్ను కాపాడుతున్నారా, దోచుకుంటున్నారా? అదైనా చెప్పండి."

మాస్టారు జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి చార్టు మీద దిద్దడం మొదలుపెట్టారు. పదిహేడు రెండో సగం కొట్టేసి నలభై ఒకటికి రాశారు. నలభై ఒకటిది పదిహేడుకి రాశారు. ఒక్క క్షణం ఆగలేదు, వేళ్ల మీద లెక్క వెయ్యలేదు. తిన్నగా కిందికి దిగి ముప్పై మూడు దగ్గర "తొమ్మిది నిమిషాలు వెనక్కి" అని రాసి, కింద గీత గీశారు.

నాలుగు గంటలు పట్టింది నాకు ఆ మూడు మార్పులూ తేలడానికి. ఆయనకి అర నిమిషం కూడా పట్టలేదు. ఎంత గడియారం మాస్టారైనా అది చూసీ చూడగానే తేలేది కాదు.

ఎవరూ చదవరన్న చిరునామాకి నేను పంపిన మెయిలు ఒకరు చదివారు. చదివి, నాలుగు నెలలు జేబులో పెట్టుకు తిరిగారు. ఆ నాలుగు నెలల్లో పద్నాలుగేళ్ల సర్వీసున్న మనిషొకడు వీధిన పడ్డాడు, మా చెల్లెలి మొగుడు ఖాళీ కడుపుతో గేటు నుంచి గేటుకి పరిగెత్తాడు.

లేచి నిలబడ్డాను. బల్ల మీద రెండు చేతులూ ఆనించి ఆయన మొహంలోకి వంగాను.

"మాస్టారూ, తెలిసి కూడా ఎందుకు దిద్దలేదు?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. మేడమ్ వైపు ఒకసారి చూశారు. తర్వాత, ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి, నా కళ్లలోకి చూశారు.

"దిద్దితే ఈ చార్టు నీదని బయటపడిపోతుందమ్మా," అన్నారు. "అది బయటపడకూడదని పరీక్షకి ముందే వీళ్లు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నాతో కాదు. నీతో."